అడగనివాళ్ల ధర

జనవరి 26, 2025. ఆదివారం

ఢిల్లీ కవాతులో ఈసారి మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలది. పొద్దున అంగడి తెరవకుండా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం. ఎక్కడో వరాహ నది ఒడ్డున వాళ్లు తరిమెన మీద అంకుడు కర్ర పడతారు. ఇక్కడ పూతలపట్టు క్రాస్ దగ్గర నేను మామిడి, వేప పడతాను. కర్ర వేరైనా, తిరిగే కర్ర మీద ఉలి ఆనించినప్పుడు చేతికి తెలిసేది ఒకటే. నాయన ఉంటే చూసి మురిసిపోయేవాడు.

మధ్యాహ్నం అంగడి తెరిచాను. తిరుపతి నుంచి బెంగళూరు పోయే కారు ఒకటి ఆగింది. ఆయన కూడా శకటం చూశాడట, ఎంత బాగా చేశారన్నా అని మెచ్చుకున్నాడు. తర్వాత బొంగరం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎంతన్నా ఇది?"

"నలభై."

"ఇరవైకి ఇచ్చెయ్."

రెండు మాటలూ ఆయన మనసులోంచి అన్నవే. బొమ్మ మీద ప్రేమ ఉంది, దాని ధర ఎట్లా వస్తుందో తెలీదు. చెప్పాల్సినవాణ్ని నేనే. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

చెప్పాలంటే ముందు నాకు తెలియాలి. ఈపొద్దు గడియారం పెట్టుకుని కుంకుమ భరిణె పట్టాను.

ఎండిన కర్రముక్క: 18 రూపాయలు. పట్టడానికి, లోపల తొలచడానికి, మూత కుదర్చడానికి, లక్క ఎక్కించడానికి 50 నిమిషాలు. మా వైపు పనితెలిసిన వడ్రంగికి ఇచ్చే రోజుకూలి 900 వేసుకుంటే, ఎనిమిది గంటల లెక్కన ఈ పనికి 94. లక్క, రంగు, మొగలి ఆకు: 15. కరెంటు: ఒక హెచ్‌పీ మోటారు గంటకు ముప్పాతిక యూనిట్ తాగుతుంది, 5 వేసుకున్నాను. మొత్తం 132.

పదింటిలో ఒకటి పగులుతుంది. దాని ఖర్చు మిగిలిన తొమ్మిదీ మోయాలి: 15. అంగడి బాడుగ, ఉలి అరుగుదల, మోటారు బెల్టు: 23. మనిషి కోసం ఎదురుచూస్తూ కూర్చునే పొద్దు కూడా పొద్దే. దానికి 40. ఇప్పటికి 210. రేపు ఉలి విరిగితే కొనడానికి పది రూపాయలు. మొత్తం 220.

ఇన్నేళ్లూ ఆ భరిణె నోటికి వచ్చిన ధరకు అమ్మాను. ఒకరికి 250, ఒకరికి 180, ఒకరికి 150. 150కి ఇచ్చిన రోజున 60 రూపాయలు నా దగ్గరనుంచే పోయాయని ఈపొద్దే తెలిసింది.

ఫిబ్రవరి 19

మూత గురించి రాసుకోవాలి.

భరిణె గిన్నె పట్టడం ఎవరైనా నేర్చుకుంటారు. మూత కుదర్చడమే పని. గిన్నె నోటి అంచు చుట్టూ చిన్న మెట్టు తీస్తాం. మూత లోపలి అంచు దాని మీద కూర్చోవాలి. ఒక పొర ఎక్కువ తీస్తే మూత జారిపోతుంది, దాన్ని మళ్లీ ఎక్కించలేం. ఒక పొర తక్కువ తీస్తే ఆడవాళ్ల గోరు విరుగుతుంది. అందుకే ఉలి ఆనించి, మోటారు ఆపి, మూత పెట్టి చూసి, తీసి, మళ్లీ మోటారు వేస్తాను. ఏడెనిమిది సార్లు. చివరిసారి పెట్టినప్పుడు లోపలి గాలి నెమ్మదిగా తోస్తుంది. తీస్తే 'టప్' మని చిన్న చప్పుడు. అప్పుడు చాలు.

తర్వాత లక్క. తిరిగే కర్రకు లక్క కడ్డీ గట్టిగా అదిమిపట్టాలి. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. దాని మీద మొగలి ఆకు మడత పెట్టి రుద్దితే మెరుపు. అంతా కలిపి పది నిమిషాల పని. చూసేవాళ్లకు ఈ పది నిమిషాలే కనబడతాయి. మూతకు పట్టిన ఇరవై నిమిషాలు ఎవరికీ కనబడవు.

మార్చి 2, ఆదివారం

పొద్దున ఒకాయన వచ్చాడు. మాటకారి. భరిణె 250 అంటే నవ్వాడు. "కట్టెముక్కేగదా సామీ, 100 తీసుకో" అన్నాడు. కారు దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు. బోణీ బేరం, పోగొట్టుకోకూడదని 150కి ఇచ్చాను. గెలిచినట్టు పోయాడు. నాకేమీ కోపం లేదు, మంచి మనిషే.

సాయంత్రం ఒక పెద్దామె. టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటోందట. అదే జత భరిణె. ఆమెకు 220 చెప్పాను. మారు మాట్లాడలేదు. పర్సు తెరిచి నోట్లు లెక్కపెట్టి, రెండు చేతులతో ఇచ్చింది. మూత తీసి 'టప్' మని విని నవ్వింది.

రాత్రి అన్నం సయించలేదు.

మార్చి 3

ఆలోచన తెగలేదు.

ఆమె దగ్గర ఎక్కువ తీసుకోలేదు. 220 సరైన ధరే. మరి తప్పెక్కడ? పొద్దున ఆయనకు తగ్గించిన డబ్బు ఎక్కడో ఒకచోట పూడాలి. ఎవరి దగ్గర పూడుతుంది? అడగని వాళ్ల దగ్గర. అడగడానికి మొహమాటపడేవాళ్లు, పనికి మర్యాద ఇచ్చి నోరెత్తనివాళ్లు, అడగడం తెలియని పిల్లలు. బేరమాడినవాడికి ఇచ్చే తగ్గింపు నా జేబులోంచి పోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నా జేబు ఖాళీ అయితే మరుసటి రోజు ఎవరికో 250 చెబుతాను. ఆ 'ఎవరో' ఎప్పుడూ మాట్లాడని మనిషే.

పనికి గౌరవం ఇచ్చినవాళ్ల మీద పడే పన్ను ఇది. ఇది మానాలి.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి తిని అంగట్లోకి వచ్చి, ఉన్న ప్రతి వస్తువు అడుగున పెన్సిలుతో ధర రాశాను. భరిణె 220. బొంగరం 40. పప్పుగుత్తి 90. సంగటి గెలికే తెడ్డు 160. గిలక్కాయ 70. మూడు చక్రాల నడకబండి 650.

తెల్లారేసరికి మాసిపోకుండా పెన్సిలు మీద సన్నగా లక్క పూత కూడా వేశాను. ఇక మార్చడానికి వీల్లేదు, నాకు కూడా.

ఏప్రిల్ 13

రెండు వారాలు. అమ్మకం తగ్గింది. దాచడం ఎందుకు, బాగానే తగ్గింది.

మా వాడు చిత్తూరులో చదువుకుంటున్నాడు, సెలవుకు వచ్చాడు. "నాయనా, 400 అని రాయి. 220కి దించు. వాళ్లకూ సంతోషం, నీకూ గిట్టుబాటు" అన్నాడు. వాడు చెప్పింది తెలివితక్కువ మాట కాదు, ఊరంతా అట్లనే అమ్ముతుంది. కానీ ఆ పెద్దామె వస్తే 400 ఇచ్చి పోతుంది కదా. వాడికి ఆ మాట చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెన్సిలు తీసుకుని నేను మరిచిపోయిన గిలక్కాయల అడుగున ధరలు రాసిపెట్టాడు.

ఏప్రిల్ 22

నిన్న కూలికి పోయే ఒక అమ్మాయి వచ్చింది, చంకలో బిడ్డ. నడకబండి చూసింది. 650 అంటే చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ అమ్మాయి బేరం చెయ్యలేదు. డబ్బు లేదంది.

ఒకే ధర అని రాసుకున్నవాడికి ఇక్కడ ఏం దారి? రాత్రంతా అదే. పొద్దున తట్టింది. నడకబండి ఒక బిడ్డకు ఏడాది కూడా పనికిరాదు. చక్రం అరిగి ఇంటి మూలన పడి ఉంటుంది. పాతవి వెనక్కి కొని, చక్రాలు కొత్తవి పట్టి, మళ్లీ అమ్మితే? దాంట్లో నా పని గంటన్నర. 200కి ఇవ్వొచ్చు. ఇది దయ కాదు, దానం కాదు. తక్కువ పని, తక్కువ ధర.

అట్లనే లక్క లేని పప్పుగుత్తి, మూత లేని చిన్న గిన్నె కూడా చెయ్యాలి. డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు అదే వస్తువును కోత పెట్టి ఇవ్వడం కంటే, వాళ్ల డబ్బుకు సరిపోయే నిఖార్సైన వస్తువు ఒకటి ఉండాలి.

మే 8, గురువారం

తిరుపతి నుంచి పెళ్లి రిటర్న్ గిఫ్టులు సరఫరా చేసే మనిషి వచ్చాడు. భరిణెలు 200 కావాలి. "ఒక్కోటి 120. టోకు బేరం గదా."

ఇదివరకైతే ఒప్పుకునేవాణ్ని, లేదా కోపగించుకునేవాణ్ని. ఈపొద్దు పుస్తకం తెరిచాను. 200 ఒకే కొలతవి ఒకే వరసలో పడితే ఉలి మార్చే పని, కొలతలు తీసే పని తగ్గుతుంది. 50 నిమిషాలు 35 అవుతుంది. కూలి 94 కాదు, 66. అంగట్లో కూర్చునే 40 రూపాయలు లేవు. కర్ర, లక్క, కరెంటు, పగుళ్లు, బాడుగ అన్నీ వేస్తే 137. 150 చెప్పాను. లెక్క ఆయనకు చూపించాను. చదివి, ఇట్లా ఎవరూ చూపించలేదన్నా అన్నాడు. 150కి ఒప్పుకున్నాడు.

పని తగ్గితే ధర తగ్గుతుంది. మాట పెరిగితే తగ్గదు. రెండు వేళ్ల వెడల్పు అక్షరాలతో గోడ మీద రాసుకోవాల్సిన మాట.

మే 21

ఒకరు రక్తచందనం బొమ్మల జత అడిగారు, ఎంతైనా ఇస్తామన్నారు. నా దగ్గర లేదు, ఉండదు. మన కొండల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని చెట్టు. అంతర్జాతీయ వ్యాపారంలో 1995 నుంచి కట్టడి జాబితాలో ఉంది. అనుమతి, ముద్ర లేకుండా ముక్క ఇంట్లో ఉన్నా నేరమే. వేపతో చేసి ఎర్రరంగు పూసి అమ్మేవాళ్లున్నారు. నేను వేపతో చేసి వేప అని చెప్పి అమ్ముతాను. ధర నిజం చెప్పాలనుకున్నవాడు కర్ర పేరు కూడా నిజమే చెప్పాలి.

జూన్ 24, మంగళవారం

తోతాపురి పండింది, కొనేవాడు లేడు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడి ఉన్నాయి. కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం 12 అని ప్రకటించారు. ఆ 8 కూడా చేతికి రాక జనం అల్లాడుతున్నారు. రోడ్డు పక్కన పారబోసిన కాయల వాసన అంగట్లోకి వస్తోంది.

సాయంత్రం మా పక్క ఊరి రైతు వచ్చాడు. మూడు రాత్రులు ట్రాక్టరు మీదే పడుకున్నాడట. సంగటి తెడ్డు తీసుకున్నాడు. అడుగున 160 చూశాడు. "నూటికి ఇయ్యప్పా" అన్నాడు. ధర ఒకటేనన్నా అన్నాను. వదల్లేదు. 110 అన్నాడు, 120 అన్నాడు. ఆ పట్టుదల చూస్తుంటే ఒకటి అర్థమైంది.

ఏడాదంతా పెంచిన కాయకు తాను ధర చెప్పలేడు. గేటు దగ్గర ఎవరో చెప్తారు, తల ఊపి దింపిరావాలి. ఆయన మాట చెల్లేది సంతలో, అంగట్లో మాత్రమే. బేరం ఆయనకు 40 రూపాయల కోసం కాదు. తన నోటి మాటకు ఎక్కడో ఒకచోట విలువ ఉండాలని.

తెడ్డు 160కే ఇచ్చాను. దాంతోపాటు మనవడికని ఒక బొంగరం చేతిలో పెట్టాను. "ఇది కొసరు సామీ" అన్నాను. మొహం విప్పారింది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అని పెద్దాళ్లు ఊరికే అనలేదు. కొసరు అడగడం మన సంతల్లో హక్కు లాంటిది. ధర దించకుండా మనిషిని నిలబెట్టే మార్గం అందులోనే ఉంది. ఇకనుంచి బొంగరాలు రోజుకు రెండు ఎక్కువ పట్టాలి. అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా ఇవ్వాలి.

జూన్ 27

అదే రైతు. ముదిరిన మామిడిచెట్టు ఒకటి కొట్టేస్తున్నాడు, దుంగలు తీసుకుంటావా అన్నాడు. 4,000 చెప్పాడు. అలవాటుగా "మూడు వేలు" అని నోటిదాకా వచ్చింది. ఆగాను.

నా భరిణెకు బేరం ఆడొద్దని అందరికీ చెప్పేవాణ్ని నేనే. ఆయన చెట్టుకు నేనెట్లా ఆడతాను? 4,000 ఇచ్చాను. దుంగల కొనలకు మైనం పూసి నీడన పేర్చాను. అంగుళం మందానికి ఏడాది ఎండాలి. ఈ చెట్టులోంచి వచ్చే మొదటి గిన్నె వచ్చే మామిడికాయల కాలం దాటాకే.

జూలై 15

వాన. మోటారు ఆపి అమ్మతో కూర్చున్నాను.

నాయన కాలంలో మోటారు లేదు. తరిమెనకు తాడు చుట్టి, ఒకరు రెండు కొసలూ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగాలి, ఒకరు ఉలి పట్టాలి. లాగింది అమ్మ. పొద్దున వంట అయ్యాక కూర్చుంటే మాపటేల దాకా. కర్ర ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. వెనక్కి తిరిగినప్పుడు నాయన ఉలి ఎత్తి పట్టుకుంటాడు. అమ్మ చేతులకు ఎత్తిపట్టుకునే సందు లేదు. రెండు వైపులా లాగాల్సిందే.

ఇప్పటికీ ఆమె అరచేతుల్లో తాడు గీతలు. ఈపొద్దు వేలితో తడిమి చూశాను. బొటనవేలి మొదట్లో చర్మం కర్ర బెరడులా ఉంది.

"నాయన బొంగరానికి ధర చెప్పేటప్పుడు నీ కూలి వేసేవాడా అమ్మా?" అని అడిగాను.

"నాకు కూలేందిరా, మనింటి పనేగదా" అంది.

అంటే ఇంట్లో ఇద్దరి పని, లెక్కలో ఒకరి కూలి. బేరమాడి తగ్గించినవాడు నాయన కూలిలోంచి తగ్గించాననుకున్నాడు. అమ్మ కూలి అసలు లెక్కలోకే రాలేదు, ఇక తగ్గించేదేముంది? అడగని వాళ్ల ధర మా ఇంట్లోనే మొదలైంది. నేను ఆ పెద్దామె గురించి రాత్రంతా మేలుకున్నాను. అమ్మ గురించి యాభై ఏళ్లు మేలుకోలేదు.

జూలై 16

మా ఇంటామె లక్క కడ్డీలు కలుపుతుంది, బొమ్మలకు కళ్లు దిద్దుతుంది, నేను లేనప్పుడు అంగట్లో కూర్చుంటుంది. ఫిబ్రవరి లెక్క తీసి చూశాను. 'కూర్చునే పొద్దుకు 40' అని రాశాను. ఆ 40లో సగానికి పైగా ఆమెది. ఈ నెలనుంచి ఆ డబ్బు ఆమె పేరున వేరే డబ్బాలో. ఆమె ఏమీ అనలేదు. సాయంత్రం డబ్బా మూతకు ఎర్రలక్క పూసి పెట్టింది.

ఆగస్టు 31, ఆదివారం

కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు. చవితినాడు మొదలైతే 21 రోజులు. రోడ్డు నిండా బళ్లు. ఈపొద్దు 46 మంది వస్తువులు కొన్నారు. అందులో ధర తగ్గించమన్నవాళ్లు 31 మంది. గీత గీత గీసి లెక్కపెట్టాను. 31 మందికీ అడుగున రాసిన అంకె చూపించాను. 22 మంది ఆ ధరకే తీసుకున్నారు. మిగిలిన తొమ్మిదిమందీ అడిగింది వదిలి, లక్క లేని పప్పుగుత్తి, మూత లేని గిన్నె తీసుకున్నారు. కొనకుండా వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కూడా బొంగరం తిప్పి చూపించాను. చూసి నవ్వితే చాలు.

సెప్టెంబరు 17, బుధవారం. విశ్వకర్మ జయంతి

ఉలులన్నీ కడిగి పసుపు, కుంకుమ పెట్టాం. తరతరాల పనివాళ్లకు కేంద్రం 2023లో ఇదే రోజున మొదలుపెట్టిన పథకంలో 18 వృత్తులున్నాయి. వడ్రంగులు, బొమ్మలు చేసేవాళ్లు కూడా. పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు. మా వీధిలో ఇద్దరు పిల్లలకు దరఖాస్తు నింపిపెట్టాను. పనిముట్లు దొరుకుతాయి, అప్పు దొరుకుతుంది. ధర చెప్పడం మాత్రం ఎవరూ నేర్పరు. ఆదివారాలు రమ్మన్నాను. మొదటి పాఠం మూత కుదర్చడం కాదు, పుస్తకంలో లెక్క రాయడం.

సెప్టెంబరు 22, సోమవారం

బొమ్మల కొలువు మొదలైంది. ఈపొద్దునుంచే చేతిబొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. "పన్ను తగ్గింది గదా, నువ్వూ తగ్గించు" అని నలుగురు అడిగారు. నా చిన్న అమ్మకం ఆ పన్ను పరిధిలోకే రాదని, నా ధరలో ఆ పన్ను ఎప్పుడూ లేదని చెప్పాను. అడగడం న్యాయమే. జవాబు ఉండటం నా బాధ్యత.

అక్టోబరు 5, ఆదివారం

ఆ పెద్దామె వచ్చింది. మార్చిలో భరిణె కొన్న టీచరమ్మ.

వానలకు కర్ర ఉబ్బి మూత బిగుసుకుందట. తీసుకుని తరిమెన మీద పెట్టి, మూత లోపలి అంచు నుంచి వెంట్రుకంత పొర తీశాను. పెట్టి తీశాను. 'టప్'.

"ఎంతయ్యా?"

"ఏమీ లేదమ్మా. మూత కుదర్చడం భరిణె ధరలోనే ఉంది."

అంగట్లో వస్తువులు తిరగేసి చూస్తోంది. ప్రతిదాని అడుగునా అంకెలు. తన భరిణె తిప్పి చూసింది. అడుగు ఖాళీ.

"నాదానికి రాయలేదే?"

అప్పటికి రాయడం మొదలుపెట్టలేదమ్మా అన్నాను. ఆరోజు పొద్దున అదే భరిణె వేరొకరికి 150కి ఇచ్చిన సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె భరిణె చేతిలో తిప్పుతూ కాసేపు ఊరుకుంది.

"నేను ఎంత ఇచ్చాను?"

"రెండు వందల ఇరవై."

"అదే రాయి. రేపు మా మనవరాలు అడిగితే చూపించాలి."

పెన్సిలు తీసుకుని రాశాను. మీద సన్నగా లక్క పూశాను. ఆమె వద్దంటున్నా ఒక బొంగరం సంచిలో వేశాను.